అవార్డులు, స్కాలర్‌షిప్‌ల పని ఈసారి మీ నెత్తిన పడిందా? ఎన్విరాన్‌మెంటల్ ప్లానర్లకి ఓ గైడ్

ప్లానర్ల సంఘం ఏదైనా సరే, ఏడాదికోసారి మీటింగ్‌లో "ఈసారి అవార్డుల సంగతి ఎవరు చూస్తారు" అని అడగ్గానే అందరూ ఫోన్లలోకి తల దించేస్తారు, ఆ టైమ్‌లో పొరపాటున తల ఎత్తినవాళ్ల నెత్తిన పడుతుంది పని. నాకూ అలాగే పడింది, ఒక్క ఏడాదికి కాదు, వరసగా నాలుగేళ్లు. మొదటి ఏడాది చేసిన తప్పులు రెండో ఏడాది దిద్దుకున్నా, రెండో ఏడాది కొత్తవి చేశా, అలా నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా, మీరు కనీసం కొత్త తప్పులైనా చేస్తారని.

ముందు ఒక్క విషయం. రోడ్డో, ఫ్యాక్టరీయో కట్టేముందు దానివల్ల చుట్టూ ప్రకృతికి, జనానికి ఏం నష్టమో చూసి, తగ్గించే దారి చెప్పడం మన పని. ఈ వృత్తిలో మంచి పని అంటే చాలాసార్లు ఏమీ జరగకపోవడమే. ఆర్కిటెక్ట్‌కి బిల్డింగ్ ఉంటుంది, సాయంత్రం ఎండలో ఫొటో తీస్తే చాలు, జ్యూరీ పడిపోతుంది. మనకేముంటుంది చెప్పండి? రోడ్డు వెళ్లని చిత్తడి నేల ఫొటో. అందులో గడ్డి, కాస్త నీళ్లు, అదృష్టం బాగుంటే ఓ కొంగ. అది చూసి "అయితే ఏంటి?" అంటారు ఎవరైనా. ఆ "అయితే ఏంటి" వెనక రెండేళ్ల సర్వేలు, పద్నాలుగు మీటింగులు, క్లయింట్‌తో గొడవలు ఉంటాయి, అవేవీ ఫొటోలో పడవు. అందుకే మామూలు అవార్డుల ఫార్మాట్ ఎక్కడినుంచో కాపీ కొట్టి మనకి పెట్టేస్తే బాగా ప్రింట్ చేసిన రిపోర్టులకే అవార్డులు పోతాయి, జరగకుండా ఆపిన నష్టానికి ఒక్కటీ రాదు. మీ ఫారం దగ్గర్నుంచి జ్యూరీ దాకా అంతా ఈ కనపడని పనిని పట్టుకునేలా పెట్టుకోవాలి.

ఎన్ని కేటగిరీలు పెట్టాలి

తక్కువ పెట్టండి. మొదటిసారైతే మూడు చాలు, నాలుగు మహా ఎక్కువ. కేటగిరీలు పెరిగేకొద్దీ ఒక్కోదాంట్లో రెండేసి ఎంట్రీలు వచ్చి, రెండిట్లో ఒకదానికి అవార్డు ఇచ్చేసి, లక్కీ డ్రాలా తయారవుతుంది. నేనైతే ఒకటి ప్లాన్ లేదా ఇంపాక్ట్ అసెస్‌మెంట్‌కి (ప్రాజెక్టు ప్రభావాన్ని ముందే అంచనా వేసే రిపోర్టు), ఒకటి అమలైన పనికి, ఒకటి మనిషికి, ఆ పక్కన విడిగా విద్యార్థులకి స్కాలర్‌షిప్ పెడతా. మనుషులకీ సంస్థలకీ కలిపి ఒకే అవార్డు పెట్టకండి, 30 ఏళ్లు ఒంటరిగా కొట్లాడిన మనిషిని, 200 మంది ఉన్న కంపెనీని ఒకే తక్కెట్లో తూచలేం. 1980లో మొదలైన ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఫర్ ఇంపాక్ట్ అసెస్‌మెంట్ వాళ్లు కూడా వ్యక్తులకి వేరే, సంస్థలకి వేరే ఇస్తారు, రోజ్-హల్మన్ అవార్డని వాళ్లకి పేరున్న ఒకటుంది, అది ఈ రంగానికి పెద్ద ఎత్తున పనిచేసిన మనిషికే.

రెండో కేటగిరీ, అంటే అమలైన పనికిచ్చేది, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి ఎందుకంటే దీన్నే అందరూ వదిలేస్తారు. ప్లాన్ రాయడం ఒకటి, ఆ ప్లాన్‌లో రాసిన షరతులు మూడేళ్ల తర్వాత నేల మీద కనపడటం ఇంకొకటి. ఇల్లు అలకగానే పండగ కాదు అంటారు చూడండి, అచ్చం అదే. మేం మొదటి ఏడాది ఓ రిపోర్టుకి టాప్ అవార్డు ఇచ్చాం, 600 పేజీలు, మ్యాపులు కళ్లు చెదిరేలా ఉన్నాయి, చెట్లు కొట్టేసినదానికి బదులుగా మొక్కలు నాటే ప్లాన్ ఒక్కటే 40 పేజీలు. రెండేళ్ల తర్వాత వేరే పని మీద అటుగా వెళ్తే ఆ మొక్కలు నాటాల్సిన చోట ఎండిపోయిన పుల్లలు, మధ్యలో ఇనుప బోర్డు, బోర్డు మీద మా అవార్డు లోగో. అది చూసి నాకు తలకొట్టేసినట్టయింది. ఆ ఏడాది నుంచే రూల్ పెట్టాం, ఈ కేటగిరీకి అప్లై చేయాలంటే పని పూర్తయి కనీసం మూడేళ్లు అయి ఉండాలి, మానిటరింగ్ రిపోర్టు జతచేయాలి.

మూడేళ్లే ఎక్కువ అనేవాళ్లుంటారు. అమెరికన్ సొసైటీ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్స్ వాళ్లకి ల్యాండ్‌మార్క్ అవార్డని ఒకటుంది, అది పూర్తయి 15 నుంచి 50 ఏళ్ల మధ్య అయిన ప్రాజెక్టులకే ఇస్తారు. వాళ్లతో పోలిస్తే మూడేళ్లు ఓ లెక్కా.

ఫారం రాయడం, అసలు పనంతా ఇక్కడే

1970 జనవరి 1న అమెరికాలో నేపా (నేషనల్ ఎన్విరాన్‌మెంటల్ పాలసీ యాక్ట్) చట్టం మీద ప్రెసిడెంట్ నిక్సన్ సంతకం పెట్టాడు, ప్రాజెక్టు మొదలుపెట్టే ముందే దాని ప్రభావం రాసి చూపించాలనే పద్ధతి అక్కడ మొదలై తర్వాత వందకి పైగా దేశాలకి పాకింది. ఆ చట్టంలో ఇంపాక్ట్ స్టేట్‌మెంట్ ఆలోచన పెట్టించడంలో లింటన్ కాల్డ్‌వెల్ అనే పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్‌ది పెద్ద చెయ్యి, ఆయన ఇంజనీరూ కాదు బయాలజిస్టూ కాదు, ఇది నాకు భలే నచ్చే సంగతి. తర్వాత 1978లో వచ్చిన నిబంధనల్లో ఓ మాటుండేది, ఆల్టర్నేటివ్స్ (అదే పనికి వేరే దారులు) పోల్చి చూపించే భాగమే ఆ స్టేట్‌మెంట్‌కి గుండెకాయ అని. మన నామినేషన్ ఫారానికి కూడా గుండెకాయ అదే కావాలి. "మీ ప్రాజెక్టు గొప్పతనం వివరించండి" అని అడిగితే గొప్పలే వస్తాయి, కాబట్టి అడగడమే వేరేలా అడగాలి.

నేను అడిగేవి ఇవి. మీరు లేకపోతే అక్కడ ఏం జరిగేది? ఏయే ఆల్టర్నేటివ్స్ చూశారు, ఏది ఎందుకు వదిలేశారు, ఏమీ కట్టకుండా వదిలేయడం అనే ఆప్షన్‌ని నిజంగా చూశారా, పేరుకి ఒక పేరా రాసి దాటేశారా? నష్టాన్ని తప్పించడం, తగ్గించడం, పాడైంది బాగుచేయడం, చివరికి ఇంకోచోట భర్తీ చేయడం, ఈ నాలుగు మెట్లలో మీ పని ఏ మెట్టు మీద ఎంత? పబ్లిక్ హియరింగ్‌లో వచ్చిన ఏ అభ్యంతరం వల్ల మీ ప్లాన్‌లో ఏ పేజీ మారింది? షరతులు పాటిస్తున్నారో లేదో ఎవరు చూస్తున్నారు, ఎన్నాళ్లకోసారి?

నాలుగో ప్రశ్న మీద ఓ మాట. "విస్తృతంగా ప్రజాభిప్రాయం సేకరించాం, 1,200 మంది పాల్గొన్నారు" అని రాస్తారు. వెయ్యిమంది వచ్చి ఏడ్చి వెళ్లినా ప్లాన్‌లో ఒక్క గీత కూడా మారకపోతే అది అభిప్రాయ సేకరణ ఎలా అవుతుంది, హాజరు పట్టీ అవుతుంది. అందుకే తలకాయల లెక్క వద్దు, మారిన పేజీ చూపించమంటా.

ఇదే విషయం రెండు రకాలుగా ఎలా ఉంటుందో చూడండి, ఊహించి రాస్తున్నా గానీ ఇలాంటివి ప్రతి ఏడాదీ వచ్చేవే. మొదటి రకం: "అత్యాధునిక జీఐఎస్ టెక్నాలజీతో, అన్ని వర్గాల భాగస్వామ్యంతో, సుస్థిర అభివృద్ధి లక్ష్యాలకు అనుగుణంగా సమగ్రమైన ప్రణాళికను రూపొందించడం జరిగింది." చదివారుగా, ఏమైనా తెలిసిందా? రెండో రకం: "రోడ్డు మొదటి అలైన్‌మెంట్ చిత్తడి నేల మధ్యలోంచి 1.8 కిలోమీటర్లు వెళ్లేది. రెండు సీజన్లు పక్షుల సర్వే చేశాక ఉత్తరానికి జరపమన్నాం. పొడవు 600 మీటర్లు పెరిగింది, క్లయింట్ ఒప్పుకోలేదు. కొత్త దారిలో ఒక వంతెన అక్కర్లేదని లెక్క చూపించాక ఒప్పుకున్నారు. దక్షిణం వైపు వాళ్లకి దారి దూరమైంది, దానికి మా దగ్గర మంచి జవాబు లేదు." రెండోదాంట్లో జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపింగ్) అన్న మాటే లేదు గానీ పని మొత్తం కనపడుతోంది, ఆ చివరి వాక్యం ఉంది చూశారా, దానికే నేను ఓ మార్కు ఎక్కువ వేస్తా. ఈ రెండు శాంపిల్సూ ఫారంతో పాటే పంపించేయండి, ఎంట్రీల క్వాలిటీ ఆ ఏడాదే మారిపోతుంది, నాది గ్యారంటీ.

ఎంట్రీని 1,200 పదాలు దాటనివ్వకండి, జతచేసేవి ఐదు పేజీలు, అంతే. లిమిట్ లేకపోతే పెద్ద కంపెనీలకి రాసిపెట్టడానికే ఓ టీమ్ ఉంటుంది, చిన్న ఆఫీసులో ఇద్దరే పనిచేసేవాళ్లు రాత్రి పదకొండుకి కూర్చుని రాస్తారు, పోటీ అక్కడే అయిపోతుంది. ఎంట్రీ ఫీజు కూడా అలాంటిదే, పెట్టాలనుకుంటే చిన్న ఆఫీసులకీ ప్రభుత్వ శాఖలకీ తీసేయండి. ఎవరి పని వాళ్లే నామినేట్ చేసుకోవచ్చని ఫారంలో స్పష్టంగా రాయండి, లేకపోతే మొహమాటస్తులు ఎప్పటికీ పంపరు.

క్లయింట్ అనుమతి లెటర్ తప్పనిసరి. ఇది మర్చిపోయి ఓసారి అవార్డు అనౌన్స్ చేశాక వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, రిపోర్టులో అరుదైన జాతి ఒకటి గుడ్లు పెట్టే చోటు మ్యాప్‌తో సహా ఉంది, అది బయటికి రాకూడనిది. ఆ కోఆర్డినేట్స్ తీసేసిన వెర్షనే పంపమని ఇప్పుడు ఫారం మొదటి పేజీలోనే రాస్తున్నాం. కోర్టులో కేసు నడుస్తున్న ప్రాజెక్టులైతే ఆ ఏడాదికి పక్కన పెట్టండి, మంచివే అవ్వచ్చు, అయినా మీ అవార్డు కాగితం రేపు ఎవరో ఒకరి అఫిడవిట్‌కి జత అవుతుంది, అది మీకొద్దు.

టీమ్ పేర్లు

చిన్న విషయంలా ఉంటుంది గానీ ఎక్కువ గొడవలు ఇక్కడే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కప్పల అరుపులు లెక్కపెట్టినవాళ్లు, నీటి శాంపిల్ సీసాలు ఐసు పెట్టెలో పెట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తినవాళ్లు, మ్యాపులు గీసినవాళ్లు, వాళ్ల పేర్లు ఏ ఎంట్రీలోనూ ఉండవు, స్టేజీ ఎక్కేది డైరెక్టర్ గారు. ఫారంలో "ఫీల్డ్ సర్వే చేసినవాళ్ల పేర్లు" అని విడిగా ఒక గడి పెట్టండి, ఖాళీగా వదిలితే ఫారం సబ్మిట్ అవ్వకుండా చేయండి. మేం అలా చేసిన ఏడాది ఓ అమ్మాయి వచ్చి, ఆరేళ్లలో తన పేరు అచ్చులో చూడటం ఇదే మొదటిసారి అంది.

జ్యూరీ

ఐదుగురు. ఒకరు ఎకాలజీ తెలిసినవాళ్లు, ఒకరు ప్లానర్, ఒకరు చట్టం తెలిసినవాళ్లు, ఒకరు అనుమతులిచ్చే వైపు పనిచేసి రిటైరైనవాళ్లు, ఐదోవాళ్లు అసలు మన వృత్తే కానివాళ్లు. ఐదోవాళ్లని తేలిగ్గా తీసుకోకండి, మనకి అలవాటైపోయిన ఊతపదాల్లాంటి మాటలు చూసి "అంటే ఏంటి?" అని అడిగేది వాళ్లే, ఆ ప్రశ్నకి జవాబు ఎంట్రీలో లేదని అప్పుడు మనకి తెలుస్తుంది.

మన రంగం చిన్నది, అందరికీ అందరూ తెలుసు, కాబట్టి సంబంధం లేని జ్యూరీ దొరకడం కష్టం. దొరక్కపోయినా పర్లేదు, పద్ధతి ఉంటే చాలు. తమ ఆఫీసు, పాత ఆఫీసు, చుట్టాలు, ప్రస్తుతం బిడ్ వేస్తున్న క్లయింటు, ఇందులో ఏది తగిలినా ఆ ఎంట్రీ వంతు వచ్చినప్పుడు గదిలోంచి బయటికి వెళ్లాలి. గదిలోనే ఉండి "నేనేం మాట్లాడను" అంటే కుదరదు, మాట్లాడకపోయినా మొహం మాట్లాడుతుంది.

మార్కుల విషయంలో నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నది ఒకటి చెప్తా. ముగ్గురు జడ్జీలు, రెండు ఎంట్రీలు అనుకోండి. మొదటి జడ్జి ఒకటో ఎంట్రీకి 9, రెండోదానికి 8 వేశాడు. రెండో జడ్జి 8, 7. మూడో జడ్జి 4, 9. కూడితే ఒకటోదానికి 21, రెండోదానికి 24, రెండోదే గెలిచింది. కానీ ముగ్గురిలో ఇద్దరికి ఒకటోదే నచ్చింది కదా! మార్కుల మధ్య ఎక్కువ తేడా పెట్టే జడ్జి ఒక్కడే ఫలితాన్ని లాగేస్తాడు, కావాలని కాదు, అలవాటు అంతే. అందుకే మార్కుల్ని ర్యాంకులుగా మార్చి కూడండి. పైన చెప్పినదే ర్యాంకుల్లో ఒకటోదానికి 1, 1, 2 కలిపి 4, రెండోదానికి 2, 2, 1 కలిపి 5, తక్కువ వచ్చినదే గెలుపు, అంటే ఒకటోది. అలాగని మూడో జడ్జి 4 ఎందుకు వేశాడో అడక్కుండా వదిలేయకండి, ఓసారి మాకు అలా తక్కువ వేసినాయనే డేటాలో తప్పు పట్టుకున్నాడు, మిగతావాళ్లెవరూ అనెక్స్ తెరవలేదు. కాబట్టి ముందు ఇంటి దగ్గర విడివిడిగా మార్కులు, తర్వాత తేడా ఎక్కువున్న వాటి మీద మాత్రమే చర్చ, చర్చయ్యాక మళ్లీ ర్యాంకులు. అన్ని ఎంట్రీల మీదా చర్చ పెడితే గొంతు పెద్దదున్నవాళ్లదే తీర్పు.

ఇంకోటి, ఆ కేటగిరీలో అర్హమైనది లేకపోతే ఆ ఏడాది ఇవ్వం అని రూల్స్‌లో ముందే రాసుకోండి. తర్వాత రాస్తే ఎవరినో అవమానించడానికే రాశారంటారు.

ఫైనల్‌కి వచ్చిన అమలు ఎంట్రీల్ని మాత్రం ఇద్దరైనా వెళ్లి చూడాలి. కుదరకపోతే తేదీ పడే వీడియో అడగండి, డ్రోన్ షాట్లు కాదు, మనిషి నడుస్తూ తీసినది. పై నుంచి చూస్తే పచ్చగా ఉన్నదంతా అడవిలాగే కనపడుతుంది.

ఇక స్కాలర్‌షిప్

డబ్బు ముందు మాట్లాడుకుందాం. ఒక ఏడాది స్పాన్సర్ దొరికాడని ఘనంగా మొదలుపెట్టి మూడో ఏడాదికి మూసేసిన స్కాలర్‌షిప్‌లు బోలెడు. శాశ్వతంగా ఉండాలంటే మూలనిధి కావాలి, దాన్నుంచి ఏటా 4 శాతం మాత్రమే తీస్తే అసలు కరిగిపోకుండా ఉంటుందని మామూలుగా అనుకునే లెక్క, అంటే మీరు ఏటా ఇవ్వాలనుకున్న మొత్తానికి 25 రెట్లు కూడబెట్టాలి. అంత లేదా? అయితే వచ్చే మూడేళ్లకి సరిపడా చేతిలో ఉన్నాకే అనౌన్స్ చేయండి. చిన్నవి పది ఇవ్వాలా పెద్దది ఒకటి ఇవ్వాలా అని ప్రతిసారీ వాదన వస్తుంది, నా మటుకు ఒక సెమిస్టర్ ఫీజో, ఒక సీజన్ ఫీల్డ్‌వర్క్ ఖర్చో పూర్తిగా తీరేంత ఉండాలి, అంతకన్నా తగ్గితే అది సర్టిఫికెట్‌తో వచ్చే చిల్లర. స్పాన్సర్ పేరు స్కాలర్‌షిప్‌కి పెట్టేముందు వాళ్ల ప్రాజెక్టు ఏదైనా మన సభ్యుల రివ్యూలో ఉందేమో చూసుకోండి, ఉంటే మర్యాదగా తర్వాత తీసుకుంటామని చెప్పండి.

అర్హత రాసేటప్పుడు డిపార్ట్‌మెంట్ పేర్లు పెట్టకండి. "ప్లానింగ్ విద్యార్థులు మాత్రమే" అంటే జాగ్రఫీలో నీటి మీద పనిచేసే అబ్బాయి, లా చదువుతూ పర్యావరణ అనుమతుల మీద ప్రాజెక్టు రాస్తున్న అమ్మాయి బయటే ఉండిపోతారు. కాల్డ్‌వెల్ కథ చెప్పా కదా. చదువు పేరు కాకుండా చేస్తున్న పని అడగండి. మార్కుల కటాఫ్ మరీ ఎత్తుగా పెడితే పార్ట్‌టైమ్ పనిచేస్తూ చదివేవాళ్లు ముందే రాలిపోతారు, నేనైతే పాసై ఉంటే చాలు అంటా. అవసరం కూడా చూస్తామంటే ముందే చెప్పండి, ఎంత శాతమో కూడా.

వ్యాసం ప్రశ్న. "పర్యావరణం మీద మీకున్న ప్రేమను వివరించండి" అని అడిగితే మొత్తం బ్యాచ్ "చిన్నప్పటి నుంచి నాకు ప్రకృతి అంటే ఇష్టం" అని మొదలుపెడుతుంది, ఎనభై కాగితాలు ఒకే వాక్యంతో. ప్రశ్నకి ఓ కొక్కెం ఉండాలి. అమెరికాలో 1992లో ఏర్పడిన ఉడాల్ ఫౌండేషన్ వాళ్లు స్కాలర్‌షిప్‌కి 800 పదాల వ్యాసం అడుగుతారు, అదేదో గాలిలో కాదు, అమెరికా రాజకీయ నాయకులైన అన్నదమ్ములు మోరిస్ ఉడాల్ లేదా స్టూవర్ట్ ఉడాల్ చేసిన ఒక ప్రసంగమో, చట్టమో, విధాన ప్రకటనో తీసుకుని దాన్ని తమ చదువుకీ, చేయబోయే పనికీ ముడిపెట్టి రాయాలి. అంటే చదివి రావాల్సిందే, కాపీ కొట్టేయడానికి కుదరదు. మేం దాన్నే కాస్త మార్చి, మీకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఒక స్థలం తీసుకోండి, దాని గురించి ఉన్న ఒక ప్లాన్ లేదా రూల్ వెతికి చదవండి, అక్కడికి వెళ్లి చూస్తే ఆ కాగితానికీ నేలకీ తేడా ఎక్కడుందో 600 పదాల్లో రాయండి అని అడిగాం.

ఆ ఏడాది వచ్చినవాటిలో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. ఆ విద్యార్థి దగ్గర సెన్సర్లూ ఏమీ లేవు, ఓ కర్రకి గోళ్ల రంగుతో గీతలు పెట్టి, మాస్టర్‌ప్లాన్‌లో ఖాళీ స్థలం అని రాసి ఉన్న పల్లంలో పాతి, వానల్లో 11 వారాలు రోజూ పొద్దున్నే నీటి మట్టం రాసుకున్నాడు. రెండు రోజులు జ్వరం వచ్చి రాయలేదని ఆ రెండు గడులూ ఖాళీగానే వదిలాడు, ఊహించి నింపలేదు. ఆ రెండు ఖాళీ గడులే స్కాలర్‌షిప్ ఇప్పించాయని జ్యూరీలో ఒకరు అన్నారు, నేనూ ఒప్పుకుంటా.

పేరు, కాలేజీ తీసేసి నంబర్ వేసి జ్యూరీకి ఇవ్వండి. రికమెండేషన్ లెటర్ ఒక్కటి చాలు, అది కూడా లెటర్‌గా కాకుండా మూడు ప్రశ్నల ఫారంగా అడగండి, లేకపోతే మాస్టారు "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటారు, అందరికీ తెలిసిందే. ఈమధ్య వ్యాసాలు ఏఐతో రాయించుకోవడం గురించి కంగారుపడుతున్నారు, పట్టుకునే టూల్స్ నమ్మకండి, తప్పుగా పట్టుకుని ఓ పిల్లాడి పొట్ట కొట్టే ప్రమాదం ఉంది. షార్ట్‌లిస్ట్ అయిన ఆరుగురితో పది నిమిషాలు ఫోన్లో మాట్లాడండి, "ఆ స్థలానికి ఎటువైపు నుంచి వెళ్లావు, అక్కడ ఎవరు కనపడ్డారు" అని అడిగితే చాలు. వెళ్లినవాళ్లు ఆగకుండా చెప్తారు.

డబ్బు ఎప్పుడిస్తారన్నది ఎంత ఇస్తారన్నదాని కంటే ముఖ్యం. ఫంక్షన్‌లో పెద్ద అట్ట చెక్కు పట్టుకుని ఫొటో దిగి, అసలు డబ్బు నాలుగు నెలలకి వచ్చిందంటే ఆ లోపు ఫీజు గడువు దాటిపోతుంది, అప్పు చేసి కట్టి ఉంటారు. ఫీజు కట్టే తేదీకి కనీసం మూడు వారాల ముందు చేరేలా క్యాలెండర్ వెనక నుంచి లెక్కేసుకోండి. చదువుతున్నట్టు కాలేజీ కాగితం, బ్యాంక్ వివరాలు, రెండే అడగండి. వాళ్లుండే చోట స్కాలర్‌షిప్ మీద పన్ను పడుతుందా, వేరే సాయం ఏదైనా దీనివల్ల తగ్గిపోతుందా అన్నది ముందే కనుక్కుని చెప్పండి, ఓసారి మేమిచ్చినదానికి సమానంగా కాలేజీ వాళ్లిచ్చేది కోసేశారు, విద్యార్థికి మిగిలింది ఫొటో.

డబ్బుతో పాటు ఓ ఏడాది మెంబర్‌షిప్, కాన్ఫరెన్స్‌కి ఫ్రీ ఎంట్రీ, దారి ఖర్చులు, ఓ సీనియర్ ఫోన్ నంబరు ఇవ్వండి. ఆ సీనియర్‌కి "నెలకోసారి అరగంట మాట్లాడాలి" అని చెప్పి ఒప్పించాకే నంబర్ ఇవ్వండి, లేకపోతే ఇద్దరూ మొహమాటపడి ఎవరూ చేయరు.

ఫంక్షన్ రోజు

విద్యార్థుల్ని చివర్లో పిలవకండి, అప్పటికి సగం మంది లేచిపోయి ఉంటారు. మొదట వాళ్లనే పిలవండి. ప్రతి అవార్డుకీ చదివే మాట 60 పదాలు దాటకూడదు, అందులో "జరగకుండా ఆగింది ఏంటి" అన్న ఒక్క వాక్యం ఉండి తీరాలి. పేర్లు ఎలా పలకాలో ముందే వాళ్లనే వాయిస్ మెసేజ్ పంపమనండి. ఇంకా, దయచేసి, ఎన్విరాన్‌మెంటల్ ప్లానర్ల ఫంక్షన్‌లో ఫ్లెక్సీ బ్యానర్లు, ప్లాస్టిక్ ట్రోఫీలు, థర్మాకోల్ అక్షరాలు పెట్టకండి, ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు దాని ఫొటో తీసి పెడతారు, ఆ ఫొటోకి జవాబు చెప్పుకోలేం.

మొత్తానికి టైమ్ ఎంత పడుతుందంటే, ఫంక్షన్‌కి ఏడు నెలల ముందు రూల్స్, ఆరు నెలల ముందు అనౌన్స్‌మెంట్, రెండున్నర నెలలు అప్లై చేసుకోవడానికి, నెలన్నర జ్యూరీకి, మిగతాది సైట్ విజిట్లకీ మీ తలనొప్పులకీ. చివరి తేదీ పొడిగించకండి, పొడిగిస్తే టైమ్‌కి పంపినవాళ్లు పిచ్చివాళ్లయినట్టు.

రానివాళ్లకి రాయడం

దీన్నెవరూ చేయరు, అందుకే చెప్తున్నా. గెలవని ప్రతి ఎంట్రీకీ, ప్రతి విద్యార్థికీ రెండు లైన్లు రాయండి, ఏది బాగుంది, ఏది తక్కువైంది. ఎనభై మందికి రాయాలంటే రెండు శనివారాలు పోతాయి, పోనివ్వండి. మా దగ్గర రెండో ఏడాది రానివాళ్లలో తొమ్మిది మంది మూడో ఏడాది మళ్లీ అప్లై చేశారు, ఇద్దరికి వచ్చింది, అందులో ఒకమ్మాయి పోయినేడు జ్యూరీలో ఐదో కుర్చీలో కూర్చుంది.

అన్నీ అయ్యాక ఫారాలు, మార్కుల షీట్లు, రూల్స్, ఎవరు ఏ ఎంట్రీకి బయటికి వెళ్లారో ఆ నోట్, అవార్డు వచ్చినవాళ్ల లిస్టు, అంతా ఒక ఫోల్డర్‌లో పెట్టి సంఘం మెయిల్‌కి లింక్ చేయండి, మీ సొంత మెయిల్‌కి కాదు. నా ముందు చూసినాయన అన్నీ సొంత ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని ఊరు మారిపోయారు, మూడేళ్ల విజేతల పేర్లు నేను పాత ఫొటోల్లో పట్టుకున్న సర్టిఫికెట్లు జూమ్ చేసి చదువుకున్నా, ఒకరి పేరు వేలు అడ్డొచ్చి ఇప్పటికీ సగమే ఉంది.